వేరా లిన్ పాటలు నా నెత్తిన పడ్డప్పుడు

మాది కాకినాడ. ఉండేది ఇంగ్లండ్‌లో, మిడ్‌లాండ్స్ వైపు, పేరు చెప్పినా ఎవరికీ పెద్దగా తెలియని ఒక టౌన్‌లో. ఇక్కడి క్వయర్‌లో, అంటే బృందగానం జట్టులో, కొన్నేళ్ళుగా పాడుతున్నాను. ఆల్టో నాది, అంటే వెనక వరసలో నిలబడి కింది స్థాయి పాడే బ్యాచ్. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ లొంగిపోయి 2025 ఆగస్టు 15కి 80 ఏళ్ళు నిండుతాయని మా టౌన్ హాల్లో ఆ సాయంత్రానికి ఒక కార్యక్రమం పెట్టుకున్నారు. అందులో ఓ అరగంట, బ్రిటిష్ గాయని వేరా లిన్ 1944లో బర్మా ఫ్రంట్‌కి వెళ్ళి సైనికుల ముందు పాడిన సంగతి పాటలతో చెప్పాలి, పాటకీ పాటకీ మధ్య నాలుగు ముక్కలు కథగా నడపాలి. దానికో గొంతు కావాలి అనగానే ముందు వరసలో పైస్థాయి పాడేవాళ్ళందరూ ఉషారుగా చేతులెత్తారు. మా క్వయర్ నడిపే పెద్దావిడ వాళ్ళని దాటి వెనక్కి చూసి నన్ను రమ్మంది.

ఎందుకు నేను అంటే, గొంతు అంది. వేరా లిన్‌ది బాగా కింది గొంతు. కొత్త పాట వస్తే దాన్ని తన శృతికి దించి వాయించమని, విని పట్టుకునేదట, సంగీతం కాగితం చూసి పాడే అలవాటు లేదు. ఈ ముక్క విన్నాక నాకు సగం టెన్షన్ తగ్గింది, ఎందుకంటే కాగితం చూసి పాడటం నాకూ అంతంతమాత్రమే, నేనూ వినే నేర్చుకుంటాను.

ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న ఒక్క క్షణం ఊరుకుని, "తెల్లవాళ్ళ యుద్ధం, తెల్లావిడ పాటలు, అదీ మన ఆగస్టు పదిహేను నాడు! ఇంకేం దొరకలేదా అమ్మా నీకు?" అన్నారు. "యుద్ధం వాళ్ళదే నాన్నా, అందులో పెద్ద తాతయ్య లేరా మరి?" అన్నాను. ఆ మాటకి మెత్తబడ్డారు. మా తాతయ్య అన్నగారు మిలటరీలో లారీ నడిపారు, బర్మా వైపే. నా చిన్నప్పుడే పోయారు గానీ ఆయన చెప్పిన కబుర్లు ఇంట్లో ఇప్పటికీ తిరుగుతుంటాయి. అసలు ఆ యుద్ధం మా ఊరికి ఏమంత దూరం? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీదా కాకినాడ మీదా ఒకే రోజు బాంబులు వేశాయి, మా ఇంట్లో పాత తరం వాళ్ళ వయసు లెక్క తేలాలంటే బాంబులు పడ్డప్పటికి నడక వచ్చిందా లేదా అనేదే కొలత.

పాటల కంటే ముందు కథ తయారు చెయ్యాలి కాబట్టి లైబ్రరీలో దొరికినవన్నీ తెచ్చుకుని కూర్చున్నాను. నేననుకున్నదేమిటంటే, పేరున్న గాయని కదా, వెనకాల బ్యాండు, చుట్టూ ఆఫీసర్లు, మంచి స్టేజీ ఉండి ఉంటాయి అని. అదేం లేదు. ఆవిడకి అప్పటికి 27 ఏళ్ళు. 1917లో లండన్ తూర్పు వైపు ఈస్ట్ హామ్‌లో పుట్టింది, మామూలు కార్మిక కుటుంబం, ఏడేళ్ళప్పటి నుంచే క్లబ్బుల్లో పాడుతోంది. 1944 వసంతంలో జిబ్రాల్టర్, కైరో, బస్రా మీదుగా ఇండియా చేరి, అక్కడి నుంచి చిట్టగాంగ్, కాక్స్ బజార్, అరకాన్ దాకా వెళ్ళింది. వెంట పియానో వాయించే లెన్ ఎడ్వర్డ్స్. ఒక చిన్న పియానో, దాన్ని ట్రక్కులో వేసుకుని గతుకుల్లో తిప్పారు, ఆ ఉక్కకీ తేమకీ శృతి నిలిచేది కాదు. ఒకచోట వందల మంది, ఇంకోచోట వేల మంది, మరోచోట ఆసుపత్రి డేరాలో మంచాల మధ్య. అవతల కోహిమా, ఇంఫాల్ యుద్ధాలు నడుస్తున్న రోజులవి, దిమాపూర్ ఆసుపత్రికి గాయపడ్డవాళ్ళు వచ్చి పడుతున్నారు. గాయాలు కుళ్ళిన వాసన, మందుల వాసన కలిసి కొట్టేవని ఆవిడ ఆ తర్వాత చెప్పుకుంది. నాకు పాటలకంటే ఆ వాసన మాటే ఎక్కువ రోజులు బుర్రలో తిరిగింది.

ఆవిడని పంపింది ఎన్సా (ENSA) అనే, సైనికులకి వినోదం ఏర్పాటు చేసే సంస్థ. 1939లో బాసిల్ డీన్ అనే నాటకాలాయన ముందుండి పెట్టాడు, ఆఫీసు లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో. వేల మంది కళాకారుల్ని తీసుకున్నారు కాబట్టి అందరూ వేరా లిన్‌లు కారు మరి, కొన్ని ప్రోగ్రాములు ఎంత నాసిగా ఉండేవంటే ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలకి సైనికులు "రోజూ రాత్రి ఏదో ఒక ఘోరం" అని విరుపు కట్టారు. ఇది చదివి నేను ఒక్కదాన్నే పగలబడి నవ్వుకున్నాను. మన ఊళ్ళల్లో ఆర్కెస్ట్రాల మీద కుర్రాళ్ళు వేసే జోకులు ఇలాగే ఉంటాయి.

ఇక గొంతు దగ్గరికి వస్తే, అసలు కష్టం అక్కడే మొదలైంది. మనకి లలిత సంగీతం, సినిమా పాటలు అలవాటు. ఒక స్వరం మీద ఊరికే నిలబడమంటే నిలబడం, కాస్త ఊపుతాం, పక్క స్వరాన్ని ముట్టుకుని వస్తాం, లైను చివర ఓ చిన్న సంగతి పడకపోతే ఏదో బాకీ ఉన్నట్టుంటుంది. పెద్దావిడ పియానో ఆపి "అక్కడ ఏం చేశావు?" అనేది. "ఏం చెయ్యలేదండీ." "చేశావు, మళ్ళీ పాడు." ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే నిజమే, ప్రతి లైను చివరా ఒక చిన్న గమకం, నాకు తెలియకుండానే. అందంగానే ఉంది కూడా! కానీ ఆ పాటకి అది పనికిరాదు. ఆ పాటలో పాడే మనిషి గొప్పతనం ఎక్కడా కనపడకూడదు, వినేవాడికి తన ఇంట్లో మనిషే వంటింట్లోంచి పిలిచినట్టు ఉండాలి.

ఆవిడ నేర్పిన పద్ధతి చెబుతాను, పాడేవాళ్ళెవరికైనా ఉపయోగపడొచ్చు. ముందు పాట వద్దు, మాటలు మాత్రం చదువు అంది, అదీ హాల్లో అందరికీ వినపడేట్టు కాదు, ఎదుటి కుర్చీలో ఒక్కరే ఉన్నట్టు. ఆ ఒక్కరు ఎవరో నువ్వే అనుకో అంది. తర్వాత అవే మాటలు అదే వేగంతో వరసలో పెట్టాలి. ఊపిరి ట్యూన్ ఆగినచోట కాదు, మాట పూర్తయినచోట తీసుకోవాలి. ఇంకో చిక్కు, ఇది మన తెలుగువాళ్ళకి మామూలే: మనది అజంత భాష కదా, చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకని ఇంగ్లీషు మాట హల్లుతో ఆగినా మన నాలుక దాని కింద చిన్న 'ఉ' చేర్చేస్తుంది. మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోరు, నెమ్మదిగా సాగే పాటలో మాత్రం ఆ 'ఉ' మైకులో స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని తీసెయ్యడానికి నేను గిన్నెలు తోముతూ, బస్సులో గొణుక్కుంటూ, మా అబ్బాయి చెవులు మూసుకునేదాకా సాధన చేశాను.

పాటల ఎంపిక దగ్గర పెద్ద గొడవే అయింది. కమిటీలో ఒకాయన, రిటైరైన మనిషి, మంచివాడే, "యుద్ధం కదా, కాస్త ఉత్సాహం తెప్పించే మార్చింగ్ పాటలు పడాలి, ఇవన్నీ ఏడుపు పాటలు" అని పట్టుబట్టాడు. సరిగ్గా ఇదే తగువు అప్పట్లోనూ నడిచింది. 1941 చివర్లో బీబీసీ వాళ్ళు వేరా లిన్‌తో ఆదివారం రాత్రి ఒక కార్యక్రమం మొదలుపెట్టారు, ఊళ్ళ నుంచి దూరంగా ఉన్న సైనికులకి ఉత్తరం రాసినట్టు ఉంటుంది అది. ఆవిడ ప్రసూతి ఆసుపత్రులకి వెళ్ళి కొత్తగా పిల్లల్ని కన్న తల్లుల్ని కలిసి, ఫలానా ఆయనా, మీకు పాప పుట్టింది, ఇద్దరూ క్షేమం అని రేడియోలో చెప్పేది. సైనికులకి అది ప్రాణం. పెద్దలకి మాత్రం అది నచ్చలేదు, ఇలా ఇల్లు గుర్తుచేసే మెత్తటి పాటలు వింటే సైనికుడు బలహీనపడిపోతాడు, మొగాడిలా పోరాడలేడు అని రాశారు, మాట్లాడారు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి పోయాక ఆ విమర్శ ఇంకా ముదిరి కార్యక్రమం ఆగింది, అదే ఏడు బీబీసీ మరీ సెంటిమెంట్ పాటల మీద ఆంక్షలు కూడా పెట్టింది.

నేను కమిటీలో ఇదంతా చెప్పి, సైనికుడికి ధైర్యం ఎలా వస్తుందో ఆఫీసులో కూర్చున్నవాళ్ళు నిర్ణయిస్తే ఎలాగండీ అన్నాను. సైనికులు ఏరికోరి అడిగింది ఆ మెత్తటి పాటలనే కదా. తుపాకీ పట్టుకుని అడవిలో ఉన్నవాడికి మళ్ళీ తుపాకీ గురించే పాట ఎందుకు? ఆయన ఒప్పుకోలేదు గానీ ఓటింగ్‌లో నెగ్గాం. రాజీగా ఒక మార్చింగ్ ట్యూన్ మాత్రం మొదట్లో బ్యాండు వాయిస్తుందని తేల్చారు. 1939 నాటి 'వుయ్ విల్ మీట్ అగైన్', ఆ మళ్ళీ కలుసుకునే పాట, ఎలాగూ ఉండాల్సిందే, అది లేకపోతే ఈ ఊళ్ళో మమ్మల్ని బతకనివ్వరు.

రెండో గొడవ నేనే పెట్టాను. కథ కాగితంలో ఎక్కడ చూసినా "మన కుర్రాళ్ళు" అని ఉంది. ఏ కుర్రాళ్ళు? బర్మాలో బ్రిటిష్‌వాళ్ళ తరఫున పోరాడిన పద్నాలుగో సైన్యంలో దగ్గర దగ్గర పది లక్షల మంది ఉంటే అందులో ఎక్కువమంది ఇండియన్లే. వేరా లిన్ పాడింది ఇంగ్లీషులో, బ్రిటిష్ సైనికుల కోసం. మరి మిగతావాళ్ళకి ఎవరు పాడారు? వాళ్ళ కోసం విడిగా ఫౌజీ దిల్‌ఖుష్ సభ అని ఉండేది, పాటలవాళ్ళూ డ్యాన్సర్లూ హాస్యగాళ్ళూ పార్టీలుగా తిరిగేవాళ్ళు. ఎన్సా గురించి అరలకొద్దీ పుస్తకాలున్నాయి, దీని గురించి ఫోటోల కింద రాసిన రెండు లైన్లు దొరికితే గొప్ప. ఆ పార్టీల్లో పాడిన ఆడవాళ్ళకి బర్మా స్టార్ పతకం ఇచ్చినట్టు నేనెక్కడా చదవలేదు. వేరా లిన్‌కి 1985లో ఇచ్చారు, అప్పటికే నలభై ఏళ్ళు దాటిపోయాయి అనుకోండి.

పెద్ద తాతయ్య కబుర్లలో వేరా లిన్ లేదు. ఉన్నదల్లా ఒక హార్మోనియం, ఒక ఢోలక్, ముస్తాబై వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు. హిందుస్తానీలో పాడారట. ఈయనకి మిలటరీలో నేర్చుకున్న ఆర్డర్ల హిందుస్తానీ తప్ప రాదు, పక్కనున్న అరవాయనకి అదీ సరిగ్గా రాదు. ఒక్క ముక్క తెలియకపోయినా మళ్ళీ పాడమని గోల చేస్తే పాపం మళ్ళీ పాడారు, అందులో చిన్నామె కళ్ళకి కాటుక చెమటకి బుగ్గల మీదకి జారిపోయింది, అయినా ఆపలేదు అని, ఆ కాటుక సంగతి ఆయన ప్రతిసారీ చెప్పేవారట. నేను ఈ కథ కమిటీలో చెబితే పెద్దావిడ కళ్ళజోడు తీసి "ఇది కాగితంలో ఎందుకు లేదు?" అంది. అలా మూడు నిమిషాలు మా పెద్ద తాతయ్యకి దొరికాయి.

మా తెలుగు గ్రూపులో స్నేహితురాళ్ళకి ఇదంతా చెబుతుంటే మాటల్లో మాటగా మనవాళ్ళంతా బయటికొచ్చారు. నర్గీస్, సునీల్ దత్ అజంతా ఆర్ట్స్ పేరుతో ట్రూపు కట్టి సరిహద్దుల్లో జవాన్ల దగ్గరికి వెళ్ళారు, 1971 యుద్ధం అయ్యాక ఢాకాలోనూ ప్రోగ్రాం ఇచ్చారు. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరి 27న ఢిల్లీలో లతా మంగేష్కర్ పాడితే నెహ్రూగారి కళ్ళు చెమర్చాయన్నది తెలియనివాళ్ళెవరు? 1965లో మన సావిత్రి ఒంటి మీది నగలు తీసి రక్షణ నిధికి ఇచ్చేసింది. అదే 1965లో అవతల లాహోర్ రేడియోలో నూర్‌జహాన్ తమ సైనికుల కోసం పాడుతోంది. పాట అటు పనిచేసినట్టే ఇటూ పనిచేస్తుంది, దానికి జెండా తెలియదు. ఒకామె మాత్రం, "అన్నీ బానే ఉన్నాయి గానీ వేల మంది మగాళ్ళ ముందు ఒక్క ఆడమనిషిని నిలబెట్టి వాళ్ళని హుషారు చెయ్యమనడం ఏమిటే, అది మాత్రం ఎవరూ అడగరు" అంది. ఆ మాట నాకు నచ్చింది. హాలీవుడ్ తార మార్లీన్ డీట్రిచ్ లాంటివాళ్ళు ఆ చూపుల్ని తెలిసే ఎదుర్కొన్నారు, పుట్టింది జర్మనీలో అయినా అమెరికా సైనికుల మధ్యకి వెళ్ళి, పాటలతోపాటు రంపాన్ని వాయిద్యంలా వాయించి నవ్వించింది. జాయిస్ గ్రెన్‌ఫెల్ అని ఇంకొకావిడ, పియానో వాయించే స్నేహితురాలు వయోలా టన్నార్డ్‌తో కలిసి ఉత్తర ఆఫ్రికా నుంచి ఇండియా దాకా ఎక్కువగా ఆసుపత్రి వార్డులే తిరిగింది. మంచం మీద కదలలేని మనిషికి మూడడుగుల దూరంలో నిలబడి నవ్వించడం వేల మంది ముందు పాడటం కన్నా కష్టమని నా నమ్మకం.

ఆ కష్టం నాకు కాస్త రుచి చూపించింది ఒక వృద్ధాశ్రమం. ట్రయల్‌గా అక్కడ పాడించారు. పియానో ఉంది గానీ నడిమి స్థాయిలో రెండు మెట్లు పలకవు, మా పియానో ఆవిడ వాటిని తప్పించుకుంటూ వాయించింది. నాకు ఖాకీ వేశారు. ఎన్సా వాళ్ళకి యూనిఫాం ఇచ్చేవాళ్ళు, శత్రువులకి చిక్కితే గూఢచారి అనుకోకుండా. అద్దె షాపువాళ్ళు ఇచ్చిన చొక్కా నాకు భుజాల దగ్గర వేలాడుతోంది, పిన్నీసులు పెట్టి లాక్కొచ్చాను. వేరా లిన్ బొమ్మలా ఉండాలని జుట్టు చుట్టబోతే పెద్దావిడ వద్దంది, "నువ్వు ఆవిడవి కావు, ఆవిడ గురించి చెప్పే మనిషివి" అని. అప్పటినుంచి నా జడ నాకే ఉండిపోయింది.

పాట మొదలవగానే నాకంటే ముందు మాట అందుకుంది మూలన కుర్చీలో ఉన్న ఒకావిడ. పేరడిగితే చెప్పలేదని అక్కడి కేరళ నర్సు ముందే చెప్పింది, పాట మాత్రం మాట పొల్లుపోకుండా ఉంది నోట్లో. ఇంకొకాయన పాట అయ్యాక నా చేతి గుండీ పట్టుకుని "ఇంటి దగ్గర అందరూ బాగున్నారా?" అని అడిగాడు. ఎవరనుకున్నాడో తెలియదు. బాగున్నారండీ, నాన్నకి మాత్రం మోకాళ్ళ నొప్పులు అన్నాను. ఆయన గుండీ వదలకుండా, నూనె రాసుకోమను అన్నాడు. మేమిద్దరం అలా మోకాళ్ళ గురించి కాసేపు మాట్లాడుకున్నాం, అవతల పియానో ఆవిడ రెండో పాట ఎత్తుగడ మళ్ళీమళ్ళీ వాయిస్తూ నాకోసం చూస్తోంది.

ఆగస్టు 15 పొద్దున మన వాళ్ళ జెండా వందనం, జనగణమన, ప్లేట్లలో జిలేబీ, ఉప్మా. మధ్యాహ్నం 12 గంటలకి బ్రిటన్ అంతా రెండు నిమిషాల మౌనం, నేను చీరలోనే రోడ్డు పక్కన కారాపి కూర్చున్నాను. సాయంత్రం ఖాకీ. ఒకే రోజులో ఈ మూడూ ఎలా ఇమిడాయో అని నాన్నకి ఇప్పటికీ అనుమానం, నాకైతే ఏ ఇబ్బందీ అనిపించలేదు.

హాలు నిండింది. మైకు మొదట్లో గీపెట్టింది, సౌండ్ అబ్బాయి దాన్ని దారికి తెచ్చేలోపు కథలో మొదటి నాలుగు లైన్లు మైకు లేకుండా చెప్పేశాను, అదే మంచిదైంది, భయం వదిలింది. మొదటి పాట బానే వచ్చింది. రెండోదాంట్లో ఒక చోట చిన్న గమకం పడింది, పెద్దావిడ కనుబొమ్మ లేచింది, నేను చూడనట్టు ఊరుకున్నాను. పెద్ద తాతయ్య కాటుక కథ చెప్పినప్పుడు జనం నవ్వారు, ఆ వెంటనే ఆ ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవని చెప్పాను. ఇక ఆఖరి పాటకి నేను అక్కర్లేకుండా పోయాను, రెండో చరణానికల్లా హాలంతా ఎత్తుకుంది, నేను మైకు కాస్త దించి వాళ్ళతో కలిశాను.

అయ్యాక ఒకాయన వచ్చి వాళ్ళ నాన్న కోహిమాలో ఉన్నాడని, మందుపాతరల మాట ఎత్తడు గానీ తన బండి నడిపిన "మద్రాసీ" మాట మాత్రం తరచూ చెప్పేవాడని అన్నాడు. మా వాళ్ళందర్నీ కలిపి మద్రాసీ అనేవాళ్ళు, ఎవరో ఏమో అన్నాను. ఇంకొక పెద్దావిడ చెయ్యి పట్టుకుని మెచ్చుకుంటుందేమో అనుకుంటే, రెండో పాట కాస్త తొందరగా పాడేశావు, వేరా అలా పరిగెత్తదు అని చెప్పి వెళ్ళింది. నాన్నకి వీడియో పంపితే ఆయనదీ ఫిర్యాదే, తాతయ్య ముక్క ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సిందట.

నవంబరులో మళ్ళీ ఇంకో ప్రోగ్రాం పెడుతున్నారు, ఈసారి వాస్బీల మీద. బర్మాలో సైన్యం వెనకే మొబైల్ క్యాంటీన్లు నడుపుతూ సైనికులకి టీ, సిగరెట్లు, సబ్బులు అమ్మిన ఆడవాళ్ళు వాళ్ళు. నాకు పాట లేదట, టీ పోసే పాత్ర, బోలెడు డైలాగులు. ఆ 'ఉ' మళ్ళీ మొదలైంది, బస్సులో గొణుక్కోవడమూ మొదలైంది.